చాయ్‌కి మూడున్నర స్టార్లు, వింగర్ గొడవకి ఐదు

ముందే చెప్పేస్తున్నా, ఈ ఇరానీ హోటల్‌కి చాయ్ కోసమే అయితే వెళ్లకండి. చాయ్ బాగానే ఉంటుంది, తిట్టడానికి లేదు, కానీ సికింద్రాబాద్‌లో అంతకంటే మంచి చాయ్ దొరికే చోట్లు నాకే నాలుగు తెలుసు. ఇక్కడికి వెళ్లాల్సింది లోపల గోడవారగా వేసిన పెద్ద బల్ల కోసం, సాయంత్రం ఆరు దాటాక ఆ బల్ల చుట్టూ చేరే ఫుట్‌బాల్ పిచ్చోళ్ల కోసం. 2025 నవంబర్‌లో నేను మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ ఒకటే పంచాయితీ: బెంగళూరు ఎఫ్‌సీకి వింగర్‌గా, అంటే మైదానం అంచు వైపు నుంచి దాడిచేసే ఫార్వర్డ్‌గా ఆడే ర్యాన్ విలియమ్స్‌ని ఇండియా టీమ్ క్యాంపుకి పిలవడం కరెక్టా కాదా.

హోటల్ పేరు రాయడం లేదు. రాస్తానని గల్లా దగ్గర కూర్చునే సేఠ్‌తో అంటే "వద్దు సార్, మీరు రాస్తే జనం వస్తారు, నా దగ్గర కుర్చీలు లేవు" అన్నాడు. నిజంగానే లేవు. స్టేషన్ నుంచి పదిహేను నిమిషాల నడక, బోర్డు మీద సగం అక్షరాలు రాలిపోయాయి, అంతవరకే చెప్పగలను.

తిండి సంగతి తొందరగా తేల్చేస్తా. చాయ్ ఇరవై రూపాయలు, చక్కెర ఎక్కువ, తక్కువ వేయమంటే వెయిటర్ మిమ్మల్ని ఆస్పత్రి నుంచి వచ్చినవాడిలా చూస్తాడు. ఉస్మానియా బిస్కెట్ తాజాగా ఉంటుంది, పొద్దున తెచ్చినవి సాయంత్రానికి అయిపోతాయి కాబట్టి పాతబడే అవకాశం లేదు. బన్ మస్కాలో మస్కా కంటే బన్నే ఎక్కువ. లుక్మీ (కీమా కూరిన నలుచదరం సమోసా) మాత్రం వదలొద్దు. నాలుగింటికి పెడతారు, ఆరింటికి ఉండదు, అంటే గొడవ మొదలయ్యేసరికి లుక్మీ అయిపోతుంది, ఇదొక్కటే నాకు నచ్చని ఏర్పాటు. ఉల్లి సమోసాలు చల్లారాక కూడా తినగలిగేలా ఉంటాయి, ఆ బల్ల దగ్గర కూర్చుంటే ఎలాగూ చల్లారాకే తింటారు.

ఇక అసలు విషయానికి వస్తా.

మొదటిసారి వెళ్లింది నవంబర్ మొదటి వారంలో, విలియమ్స్ చేతికి ఇండియన్ పాస్‌పోర్ట్ వచ్చిన వార్త బయటికొచ్చిన రోజుల్లో. అదే క్లబ్బులో ఆడే మన స్టార్ స్ట్రైకర్ సునీల్ ఛెత్రి పక్కన నిలబడి పాస్‌పోర్ట్ పట్టుకున్న ఫోటో ఒక కుర్రాడి ఫోన్‌లో బల్ల చుట్టూ తిరుగుతోంది. తెలియనివాళ్ల కోసం: విలియమ్స్ పుట్టింది ఆస్ట్రేలియాలో, పెర్త్ వైపు. తల్లిది ముంబైకి చెందిన ఆంగ్లో ఇండియన్ కుటుంబం, తాత రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీలో బొంబాయికి ఆడాడు. ఇంగ్లండ్‌లో ఫుల్‌హామ్, పోర్ట్స్‌మౌత్ లాంటి క్లబ్బులు తిరిగి, 2023లో బెంగళూరుకి వచ్చాడు. మన దగ్గర రెండు దేశాల పౌరసత్వం కుదరదు కదా, భారత మూలాలున్న విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా దేశానికి ఆడనివ్వరు, అందుకని ఆస్ట్రేలియా పాస్‌పోర్ట్ వదిలేసుకున్నాడు. అలా వదిలేసి మనకు ఆడినవాడు అంతకుముందు ఒక్కడే గుర్తొస్తాడు, జపాన్ నుంచి వచ్చిన ఇజుమి అరాటా.

బల్ల చుట్టూ ఎవరెవరుంటారో చెప్పాలి. పెద్దరికం చాచాది. రైల్వేలో రిటైరైన మనిషి, ఎనభైకి దగ్గర, మోకాలు పనిచేయదు, నోరు పనిచేస్తుంది. ఆయన ఎదురుగా ఒక మలయాళీ, ఐటీ కంపెనీలో పని, పదేళ్లుగా ఇక్కడే ఉన్నా తెలుగులో "ళ" ఎక్కడ పడితే అక్కడ దొర్లుతుంది, కేరళ బ్లాస్టర్స్ క్లబ్బు భక్తుడు. ఇంకొకడు రంగు వెలిసిన పసుపు జెర్సీ కుర్రాడు, హైదరాబాద్ ఎఫ్‌సీ వీరాభిమాని. వాడి బాధ వేరు. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి వెళ్లిపోయింది, పేరు కూడా మారింది. జెర్సీ ఉంది, టీమ్ లేదు. అందుకే వాడి మాటల్లో సగం కోపం ఎవరి మీదో మనకి అర్థం కాదు. మిగతావాళ్లు రోజూ మారుతుంటారు, వాళ్ల పని ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ల వైపు తలూపడం.

మలయాళీ వాదన సూటిగా ఉంది. "ముప్పై రెండేళ్లన్నా. ఆసియా కప్ అవకాశం అక్టోబర్‌లోనే పోయింది, సింగపూర్ చేతిలో గోవా ఫటోర్డాలో 2-1తో. ఇక మిగిలిన మ్యాచ్‌ల్లో ముప్పై రెండేళ్లాయన్ని ఆడించి ఏం చేస్తారు? జంషెడ్‌పూర్‌కి ఆడే మా మలప్పురం పిల్లాడు సనన్ లాంటి వాళ్లకి నిమిషాలు ఎవరిస్తారు?"

పసుపు జెర్సీ ఊరుకోడు కదా. "మీ మలప్పురం సంగతి తర్వాత, ముందు 2022 మార్చి 20 గుర్తుందా?" అన్నాడు. సంబంధం లేదు, అయినా అన్నాడు. ఆ రోజు ఐఎస్‌ఎల్ (దేశంలో పెద్ద ఫుట్‌బాల్ లీగ్) ఫైనల్లో హైదరాబాద్ గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి కేరళని ఓడించాడు, హైదరాబాద్‌కి కప్పొచ్చింది. మలయాళీ కప్పు కింద పెట్టేసి రెండు నిమిషాలు మాట్లాడలేదు. ఈ హోటల్లో ఇది ఆనవాయితీ అట, వాదన వేడెక్కినప్పుడు ఎవడో ఒకడు ఆ తేదీ తీస్తాడు.

తర్వాత కుర్రాడు దారిలోకొచ్చి అసలు పాయింట్ చెప్పాడు, ఆ సాయంత్రం నాకు బాగా నచ్చింది అదే. "అన్నా, మనకి వింగర్లు తక్కువ కాదు. ఛాంగ్తే ఉన్నాడు. లిస్టన్ ఉన్నాడు, వాడు ఇక్కడ మన క్లబ్బులో ఆడి పైకొచ్చి 2021లో మోహన్ బగాన్‌కి పోయినోడే. లైన్లో ఇంకో నలుగురున్నారు. మధ్యలో కొట్టేవాడు ఎవడు? క్లబ్బులన్నీ నడిమధ్య ఫారినర్‌ని పెట్టి మనోళ్లని పక్కలకి తోసేస్తే, దేశం మొత్తం వింగర్లే తయారవుతారు. పోయిన సీజన్‌లో మనవాళ్లలో ఎక్కువ గోల్స్ ఎవరివి? ఛెత్రివి, 14. నలభై దాటాయి ఆయనకి. రిటైరైన మనిషిని మార్చిలో బతిమాలి వెనక్కి తెచ్చుకున్నాం. ఇప్పుడు ఇంకో వింగర్‌ని ఆస్ట్రేలియా నుంచి తేవాలా?"

ఇది విన్నాక నేను అప్పటిదాకా పట్టుకున్న అభిప్రాయం కొంచెం కదిలింది. కానీ వాడు ఒకటి మర్చిపోయాడు, విలియమ్స్ లైన్ పట్టుకుని పరిగెత్తే రకం కాదు. బెంగళూరులో చాలాసార్లు ఛెత్రి వెనక, లోపలికి వచ్చి ఆడతాడు, రెండు కాళ్లతో కొడతాడు, డిఫెండర్‌కి వీపు ఆనించి బంతి ఆపుకోగలడు. పేరుకి వింగర్ అని రాస్తారు గానీ అతన్ని పిలవాల్సింది లోపల ఆడించడానికి. ఆ మాట అంటే ముగ్గురు ఒకేసారి నా మీద పడ్డారు. కొత్తవాడికి ఇక్కడ ఇదే స్వాగతం, భయపడకండి.

అప్పటిదాకా సాసర్‌లో చాయ్ చల్లార్చుకుంటున్న చాచా మాట్లాడారు. ఆయన మాట్లాడేటప్పుడు బల్ల మీద సామాన్లన్నీ జరుగుతాయి, మీ కప్పు మీరు పట్టుకోండి. సమోసా ప్లేటు గోల్ పోస్ట్, ఉప్పు డబ్బా లెఫ్ట్ వింగర్, అగరుబత్తి స్టాండ్ ఫుల్‌బ్యాక్. "బంతి కాళ్ల దగ్గరున్నప్పుడు అందరూ బాగానే ఆడతారు బేటా. బంతి అవతలి పక్కనున్నప్పుడు వీడు ఎక్కడ నిలబడ్డాడో చూడు, అప్పుడు చెప్పు వీడు ఇండియాకి పనికొస్తాడో లేదో." అని ఉప్పు డబ్బాని మెల్లగా మధ్యలోకి జరిపారు. "బలరాం ఇలా వచ్చేవాడు. మా అన్న చెప్పేవాడు."

తులసీదాస్ బలరాం. అమ్ముగూడ మనిషి. ఈ హోటల్ నుంచి అమ్ముగూడ ఎంతో దూరం కూడా కాదు, ఎంఎంటీఎస్ ఆగే స్టేషన్. కోచ్ రహీం సాబ్ ఆ కుర్రాడి ఆట చూసి, ప్రాక్టీస్‌కి రావడానికి సైకిల్ అద్దె డబ్బులు తానే ఇచ్చారని చాచా ఎప్పుడూ చెప్తారట. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లాడు, 1960 రోమ్‌లో హంగేరీ మీదా పెరూ మీదా గోల్స్ కొట్టాడు, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారు పతకం గెలిచిన టీమ్‌లో ఉన్నాడు. కుడి పక్క పీకే బెనర్జీ, మధ్యలో చునీ గోస్వామి, ఎడమ పక్క బలరాం. ఆ తర్వాత ఏడాదికే జబ్బు చేసి ఆట ఆపేయాల్సి వచ్చింది, 2023 ఫిబ్రవరిలో పోయాడు. మన నగరంలో ఎంతమందికి తెలుసు ఈ పేరు? నాకూ సరిగ్గా తెలియదు, ఒప్పుకుంటున్నా, ఇంటికెళ్లి చదివాను.

"మెల్‌బోర్న్‌లో మనం ఎవర్ని కొట్టామో తెలుసా?" అన్నారు చాచా. ఎవరూ మాట్లాడలేదు. "ఆస్ట్రేలియాని. వాళ్ల ఊళ్లోనే, 4-2. నెవిల్ డిసౌజా మూడు కొట్టాడు. ఇప్పుడు వాళ్ల దగ్గర్నుంచి పిల్లాణ్ని తెచ్చుకుంటే తప్పేముంది, వాళ్లే ఇస్తున్నారు." అందరం నవ్వాం, ఆయన నవ్వలేదు.

రెండోసారి వెళ్లినప్పుడు గొడవ ఇంకో దారి పట్టింది. లీగ్ మొదలే కాలేదు కదా, ఏం చూసి సెలెక్ట్ చేశారు అని. ఇది న్యాయమైన ప్రశ్న. మామూలుగా సెప్టెంబర్ కల్లా మొదలవ్వాల్సిన ఐఎస్‌ఎల్ నవంబర్ వచ్చినా మొదలవలేదు, లీగ్ నడపడానికి టెండర్ పిలిస్తే ఒక్కరూ రాలేదు. గోవాలో సూపర్ కప్ తప్ప ఆట లేదు. అలాంటప్పుడు ఇండియా కోచ్ ఖాలిద్ జమీల్ మాత్రం ఏం చేస్తాడు, ప్రాక్టీస్ చూసి పాత సీజన్ గుర్తు చేసుకుని పిలవాలి. మలయాళీ దీన్ని కూడా విలియమ్స్ మీదికే తిప్పాడు, "ఆట లేనప్పుడు ముప్పై రెండేళ్ల కాళ్లు త్వరగా తుప్పు పడతాయి" అన్నాడు. ఈ ఒక్క మాటలో మాత్రం నేను అతని వైపే. పసుపు జెర్సీ దానికి కూడా ఒప్పుకోలేదు, ఎందుకంటే వాడికి తుప్పు పట్టడం అనే మాట వినగానే వాడి క్లబ్బు గుర్తొస్తుంది.

ఆ రోజే ఇంకో సంగతి జరిగింది. పక్క బల్ల దగ్గర ఇద్దరు అమ్మాయిలు కూర్చుని టై బిస్కెట్ తింటున్నారు. (ఆడవాళ్లు ఇక్కడికి తక్కువ వస్తారు, కుర్చీలు మగవాళ్ల బ్యాగులతో నిండిపోతాయి, సేఠ్ ఇది చూసుకోవాలి.) మేం గంటసేపటి నుంచి వింగర్ వింగర్ అని అరుస్తుంటే అందులో ఒకమ్మాయి లేచి వచ్చి, "అంకుల్, మాది నిజామాబాద్. మా సౌమ్య కూడా వింగరే. ఆమె ఆడిన మ్యాచ్ మీరెవరైనా మొత్తం చూశారా?" అంది.

బల్ల మీద ఒక్కరూ నోరు తెరవలేదు, చాచాతో సహా.

సౌమ్య గుగులోత్. నిజామాబాద్ జిల్లా కిసాన్ నగర్ తండా నుంచి వచ్చి, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్బు దాకా వెళ్లి, తర్వాత ఈస్ట్ బెంగాల్‌కి ఆడి 2024-25కి దేశంలో ఉత్తమ మహిళా ప్లేయర్ అవార్డు తెచ్చుకుంది. 2025 జూన్‌లో మంగోలియా మీద మనవాళ్లు 13 గోల్స్ కొట్టారు, అందులో ఆమెవీ ఉన్నాయి. జూలై 5న చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్‌ని 2-1తో ఓడించి అమ్మాయిల టీమ్ ఆసియా కప్‌కి వెళ్లింది. మగవాళ్లు వెళ్లలేదు. వెళ్లని టీమ్‌లో ఎవరుండాలో మేం రోజుల తరబడి కొట్టుకుంటున్నాం. వెళ్లిన టీమ్‌లో, మన నిజామాబాద్ నుంచి ఒక వింగర్ ఉందని ఒక్కడికీ గుర్తు రాలేదు. ఆ అమ్మాయి ఇంకేం అనలేదు, వెళ్లి మిగిలిన బిస్కెట్ చాయ్‌లో ముంచుకుంది. చాచా వెయిటర్‌ని పిలిచి ఆ బల్లకి రెండు చాయ్‌లు తన లెక్కలో పంపారు.

మూడోసారి నవంబర్ 18, మంగళవారం, ఢాకాలో బంగ్లాదేశ్‌తో మ్యాచ్. ఇక్కడే సౌకర్యాల సంగతి చెప్పాలి. టీవీ ఉంది, స్తంభం వెనక ఉంది. నాలుగు కుర్చీల నుంచే మొత్తం తెర కనిపిస్తుంది, ఆ నాలుగూ ఐదున్నరకే నిండిపోతాయి, మిగతావాళ్లకి ఒక గోల్ పోస్టే కనిపిస్తుంది, రెండోది ఊహించుకోవాలి. ఛానల్ లేదు, ఒక కుర్రాడు తన ఫోన్‌లో పాస్ కొని వైరుతో టీవీకి కలుపుతాడు, తలా పది రూపాయలు ఇవ్వాలి. మధ్యలో వాళ్లమ్మ ఫోన్ చేసింది. తెర మీద "అమ్మ" అని పెద్ద అక్షరాలు, వెనక కామెంటరీ. "ఎత్తరా, ఎత్తి మాట్లాడి పెట్టెయ్" అని హోటలంతా అరిచింది.

విలియమ్స్ ఆడలేదు. క్యాంపుకి వెళ్లాడు, పాస్‌పోర్ట్ వచ్చింది, కానీ 2019లో ఆస్ట్రేలియాకి ఒక ఫ్రెండ్లీ మ్యాచ్ ఆడి ఉండటంతో దేశం మారడానికి కావాల్సిన క్లియరెన్సులు ఆ సమయానికి చేతికి రాలేదు. అంటే మేం రెండు వారాలు కొట్టుకున్న మనిషి బెంచీ మీద కూడా లేడు. "చూశావా" అన్నాడు మలయాళీ. ఏం చూడాలో నాకు అర్థం కాలేదు.

పావుగంట కూడా కాకముందే బంగ్లాదేశ్ ఆటగాడు మొర్సలిన్ గోల్ కొట్టాడు. కాసేపటికి వాళ్ల గోల్‌కీపర్ ముందుకొచ్చి దొరికిపోయాడు, ఛాంగ్తే ఖాళీ గోల్‌లోకి కొట్టాడు, లోపలికి పోతున్న బంతిని ఒకడు ఎగిరి తలతో బయటికి పంపాడు. హంజా చౌదరి. ఇంగ్లండ్‌లో పుట్టి పెరిగి, అక్కడి లెస్టర్ క్లబ్బుకి ఆడుతూ, తల్లి వైపు నుంచి బంగ్లాదేశ్‌కి ఆడటానికి వచ్చినవాడు. వాళ్ల దేశం రెండు పాస్‌పోర్ట్‌లు ఉంచుకోనిస్తుంది, అతను ఏదీ వదులుకోవాల్సిన పని లేదు.

హోటల్లో ఆ హెడర్ తర్వాత వచ్చిన నిశ్శబ్దం నేను గచ్చిబౌలి స్టేడియంలో కూడా వినలేదు. సరిగ్గా ఏడాది ముందు, 2024 నవంబర్ 18న, మలేషియాతో 1-1 అయిన మ్యాచ్‌కి నేనక్కడ ఉన్నా, మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ముందుకొచ్చి గోల్ వదిలేసినప్పుడు జనం తిట్టారు, అరిచారు, కనీసం శబ్దం చేశారు. ఇక్కడ చెంచా శబ్దం కూడా లేదు. చివరికి మలయాళీయే మాట్లాడాడు, మెల్లగా. "వాళ్లకి వాడున్నాడు. మనకి కాగితాలున్నాయి."

1-0తో ఓడిపోయాం. బంగ్లాదేశ్ చేతిలో 22 ఏళ్ల తర్వాత. ఆ తర్వాత గంటన్నర జరిగిన చర్చ ఇక్కడ పూర్తిగా రాయలేను, కొన్ని మాటలు రాయకూడదు కూడా. మలయాళీ తన వాదన వదులుకోలేదు గానీ మార్చుకున్నాడు, "సరే, పిలవండి, కానీ లోపల ఆడించండి, పక్కన సనన్‌ని ఉంచండి" అన్నాడు. అది నేను మొదటి రోజు చెప్పినదే, నా పేరు మాత్రం ఎవరూ తలచుకోలేదు. పసుపు జెర్సీ మాత్రం ససేమిరా అన్నాడు: ఒక మనిషిని తెచ్చుకుంటే ఒక మ్యాచ్ మారుతుందేమో, క్లబ్బుల్లో మనవాళ్లకి సెంటర్ ఫార్వర్డ్ చోటు ఇవ్వకపోతే పదేళ్ల తర్వాత కూడా ఇదే బల్ల దగ్గర ఇదే మాట్లాడుకుంటాం అని. నాకు విలియమ్స్ కావాలి, వాడి మాటా నిజమే, ఈ రెండూ ఎలా కలిపి చెప్పాలో తెలియక ఇంకో చాయ్ చెప్పాను. అప్పటికి పాలు అయిపోయాయి.

మిగతావి: గల్లా దగ్గర స్కానర్ ఉంది, కానీ యాభై లోపు బిల్లుకి చిల్లరే అడుగుతాడు. చేతులు కడుక్కునే చోట నీళ్లుంటాయి, సబ్బు ఉండదు. వెయిటర్లు మీ ఆర్డర్ మర్చిపోవచ్చు, ఎందుకంటే వాళ్లూ వింటుంటారు, ఒకాయన లిస్టన్ గురించి మాట్లాడుతూ నా సమోసా పక్క బల్ల మీద పెట్టి వెళ్లాడు. పిల్లల్ని తీసుకెళ్లొచ్చు, బూతులు తక్కువే, ఓడినప్పుడు తప్ప. సిగరెట్ వాసన బయట మెట్ల దగ్గర ఎక్కువ, లోపల పర్వాలేదు. బండి పెట్టడానికి జాగా లేదు, మెట్రో స్టేషన్ దగ్గర పెట్టి నడవడం మంచిది. మ్యాచ్ ఉన్న రోజయితే ఐదింటికే వెళ్లండి, స్తంభానికి కుడిపక్క కుర్చీ పట్టుకోండి. ఎడమ పక్కది చాచాది, ఖాళీగా ఉన్నా కూర్చోవద్దు.